ఆవు ఈనేటప్పుడు దూడ తిరగబడి ఉంటే: తాడు కట్టే ముందు ఈ నాలుగూ చూడండి



పైన వీడియోలో గంతులేస్తున్న ఎర్ర పెయ్యదూడకి పదకొండు రోజులు. ఇది తల ముందుగా పుట్టలేదు, కాళ్లు ముందుగా కూడా రాలేదు. తల్లి కడుపులో పిరుదులు దారికి అడ్డం పెట్టి కూర్చుంది. చేయి పెట్టి చూస్తే తగిలింది తోక ఒక్కటే. ఇలాంటి దూడ బతకడం, తల్లి కూడా బాగుండటం మా కొట్టంలో ఇదే మొదటిసారి.

ఈనేటప్పటి వీడియో ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. ఆ రాత్రి ఫోను టార్చిలైటు పని చేసింది, తీసే తీరిక ఎవరికీ లేదు. అందుకే గోనెసంచిలో గుడ్డలతో కుట్టిన దూడబొమ్మ పెట్టి, కాళ్లకి వెదురు పుల్లలు కట్టి, ఏ భంగిమ ఎలా ఉంటుందో వీడియో రెండో భాగంలో చూపించాను. చదివినాక అది చూడండి, చూసినాక మళ్లీ ఇది చదవండి. అర్ధరాత్రి పూట గుర్తుకు రావాల్సిన విషయం కాబట్టి రెండుసార్లు వింటే తప్పు లేదు.

ఒక్క ఆవు పోతే ఏం పోతుంది?

మాది పుట్టపర్తి మండలంలో ఒక చిన్న పల్లె. పుట్టలో పాముకి పాలిచ్చిన ఆవు కథ చెప్పుకునే ఊరు మాది. ఆరెకరాల వర్షాధారం. శెనక్కాయ, అందులో కంది, గట్ల మీద ఆముదం. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతాం. నాలుగు నాటు ఆవులు, ముప్పై గొర్రెలు. నేను రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఎరువుల కంపెనీలో తిరిగి, మళ్లీ ఊరికే వచ్చేశాను. ఇప్పుడు ఘన జీవామృతం, కషాయాలు తయారుచేసి చుట్టుపక్కల రైతులకి అమ్ముతాను. పక్కన ఒక కట్టె గానుగ ఉంది.

మన దగ్గర వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే. అది కూడా నమ్మకం లేదు. పంట పోయిన ఏడు కూడా పేడ, మూత్రం ఆగవు. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను. ఈ లెక్క మీకు తెలిసిందే. అందులో మొదటి రెండూ ఆవు నుంచే రావాలి. ఆవు పోతే పాలు పోవడం ఒక్కటే కాదు, వచ్చే కారుకి మందు లేదు, నాకైతే దుకాణమే లేదు. అయినా ఆవు ఎలా ఈనుతుందో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. నాకూ తెలియదు. తెలియక ఒక ఆవుని చంపుకున్నాను.

2019లో నేను చేసిన తప్పు

లక్ష్మి మా ఇంట్లోనే పుట్టిన పెయ్య. తొలిచూలు. ఆగస్టు నెల, సాయంత్రం ఆరింటికి ఉమ్మనీటి తిత్తి పగిలింది. ఏడున్నరకి రెండు గిట్టలు బయటికి కనపడ్డాయి. రెండు కాళ్లూ వచ్చేశాయి కదా, ఇంకేముంది అనుకున్నాం. ఎనిమిదిన్నర అయినా ముందుకి కదల్లేదు.

"లాగండప్పా, వచ్చేస్తాది" అన్నాడు మా నాయన. ఆయన తప్పేం లేదు, ఆయనకి వాళ్ల నాయన అదే చెప్పాడు. తాడు కట్టాం. ముందు ఇద్దరం, తర్వాత నలుగురం, చివరికి ఐదుగురం. లక్ష్మి అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. "ముందు డాక్టరు సారుకి ఫోన్ చేయండి" అని నా భార్య రెండుసార్లు చెప్పింది. ఇంకొంచెం లాగితే వచ్చేస్తుంది, ఇంత రాత్రి ఆయన్ని ఎందుకు లేపడం అన్నాను.

దూడ వచ్చింది, చచ్చిపోయి వచ్చింది. దాని మెడ వెనక్కి తిరిగి, తల డొక్కకి ఆనుకుని ఉండింది. రెండు కాళ్లు సరిగ్గానే ఉన్నా తల దారిలో లేదు. మేం ఎంత లాగితే మెడ అంత మడిచిపోయింది. లక్ష్మి వెనక కాళ్లు చాపుకుని పడిపోయింది, లేవలేదు. లోపల చీరుకుపోయింది. మూడో రోజు పోయింది.

పొద్దున వచ్చిన డాక్టరు నన్ను తిట్టలేదు. ఒక మాట అడిగారు. "వాకిలి బయటికి మంచం తేవాలంటే ఏం చేస్తావు? అడ్డంగా ఇరుక్కుంటే ఐదుగురిని పిలిచి లాగుతావా, లోపలికి తోసి, తిప్పి, కోళ్లు ముందుకి పెట్టి తెస్తావా?"

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాటే. ఇరుక్కున్న దూడకి కావాల్సింది లాగుడు కాదు. ముందు ఎలా ఉందో తెలుసుకోవాలి, తర్వాత వెనక్కి నెట్టాలి, సరిచేశాకే బయటికి తేవాలి. మన చేతిలో లేని పని అయితే తాడు ముట్టుకోకుండా ఫోన్ చేయాలి.

ముందు మామూలు ఈత ఎలా ఉంటుందో

ఆవు చూలు దాదాపు 280 రోజులు, ఎనుము 310 రోజులు, గొర్రె 150 రోజులు. కట్టించిన తేదీ కొట్టం గోడ మీద రాసుకోండి. నెలలు నిండేసరికి పొదుగు దిగుతుంది, తోక మొదలు రెండు పక్కలా గుంటలు పడతాయి, ఆవు మందలోంచి విడిగా నిలబడుతుంది.

ఈతలో మూడు దశలు ఉంటాయి.

మొదటిది గర్భం వాకిలి తెరుచుకునే దశ. ఆవు పడుకుంటుంది, లేస్తుంది, తోక ఎత్తుతుంది, డొక్క వైపు చూసుకుంటుంది. రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది. తొలిచూలు పెయ్యకి ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

రెండోది ఉమ్మనీటి తిత్తి కనపడిన దగ్గర్నుంచి దూడ నేల మీద పడేదాకా. ఈనిన ఆవుకి అరగంట నుంచి రెండు గంటలు. తొలిచూలుకి కొంచెం ఎక్కువ.

మూడోది మాయ పడటం. మామూలుగా పన్నెండు గంటల్లోపే పడిపోతుంది.

సరిగ్గా వచ్చే దూడ ఈతకొట్టేవాడు నీళ్లలోకి దూకినట్టు వస్తుంది. ముందుకాళ్లు రెండూ చాపి, వాటి మీద ముట్టె ఆనించి, వీపు తల్లి వీపు వైపు పెట్టుకుని. ఎక్కువ దూడలు ఇలాగే వస్తాయి. వీటికి మన సాయం అక్కర్లేదు. దూరంగా కూర్చుని చూడండి. జనం మూగి, కుక్కలు మొరిగి, పిల్లలు కేకలేస్తే ఆవు బెదిరిపోయి ఈత ఆలస్యమవుతుంది.

తాడు కట్టే ముందు చూడాల్సిన నాలుగు

1. గడియారం. తిత్తి పగిలిన టైము, మొదటి గిట్ట కనపడిన టైము గోడ మీద సుద్దతో రాయండి. మన మనసు టైముని తప్పుగా లెక్కపెడుతుంది. లక్ష్మి విషయంలో అరగంట అయ్యిందేమో అనుకున్నది రెండున్నర గంటలు. ఆవు గట్టిగా ముక్కుతున్నా అరగంటలో కొంచెం కూడా ముందుకి రాకపోతే, తొలిచూలు అయితే గంటలో రాకపోతే, చేయి పెట్టి చూడాల్సిన టైము వచ్చినట్టే. తిత్తి రాకుండానే మొదటి దశ ఆరు గంటలు దాటినా ఊరికే కూర్చోవద్దు.

2. గిట్టలు. రెండు ఉన్నాయా, ఒకటే ఉందా? అడుగు భాగం నేల వైపు ఉందా, ఆకాశం వైపు ఉందా? నేల వైపు ఉంటే చాలావరకు ముందుకాళ్లు. ఆకాశం వైపు ఉంటే వెనక కాళ్లు అయ్యుండొచ్చు, లేదా దూడ వెల్లకిలా తిరిగి ఉండొచ్చు.

3. కీళ్లు. ముందుకాలో వెనక కాలో తేల్చేది ఇదే. గిట్ట దగ్గర్నుంచి పైకి తడుముతూ పోండి. మొదటి రెండు కీళ్లూ ఒకే వైపుకి మడిస్తే అది ముందుకాలు. ఒకటి ఒక వైపుకి, రెండోది ఎదురు వైపుకి మడిస్తే వెనక కాలు. బయట కట్టేసిన దూడ కాలు పట్టుకుని పగటిపూట పదిసార్లు మడిచి చూడండి. చేతికి అలవాటైతే చీకట్లో కూడా తెలుస్తుంది. వీడియోలో ఇది నెమ్మదిగా చూపించాను.

4. తల. రెండు ముందుకాళ్లు దొరికాయి కదా అని ఆగిపోవద్దు. వాటి మీద ముట్టె తగలాలి. తగలకపోతే తల పక్కకో కిందికో తిరిగి ఉంది. అప్పుడు లాగితే నేను చేసిన పనే మీరూ చేస్తారు.

ఇంకొక జాగ్రత్త. దొరికిన రెండు కాళ్లూ ఒకే దూడవేనా? కాలి వెంబడి ఛాతీ దాకా చేయి పోనిచ్చి చూసుకోండి. గొర్రెల్లో కవలలు మామూలే, ఒకదాని కాలూ ఇంకోదాని కాలూ కలిసి వస్తుంటాయి.

దూడ బతికి ఉందో లేదో కూడా తెలుసుకోవచ్చు. గిట్టల సందున గిల్లితే కాలు వెనక్కి లాక్కుంటుంది. నోట్లో వేలు పెడితే చీకుతుంది.

చేయి పెట్టే పద్ధతి

గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరం, గడియారం తీసేయాలి. ఆవు వెనక భాగాన్ని, మన చేతిని భుజం దాకా సబ్బునీళ్లతో కడగాలి. పొడుగు ప్లాస్టిక్ గ్లౌజు తప్పనిసరి. ఇది ఆవు కోసమే కాదు, మన కోసం కూడా. బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఉమ్మనీరు, మాయ, చచ్చిన దూడ ద్వారా మనిషికి అంటుకుంటుంది. నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు వస్తాయి. ఇంట్లో గర్భిణులు ఉంటే వాళ్లని కొట్టం దగ్గరికి రానీయొద్దు.

జారుడు కోసం నూనె కావాలి. నేను మా గానుగ నూనె ఒకసారి కాచి చల్లార్చి, కడిగి ఆరబెట్టిన సీసాలో పోసి ఇందుకోసం విడిగా పెట్టుకుంటాను. తిత్తి పగిలి గంటలైతే లోపల ఎండిపోతుంది, అప్పుడు నూనె ఇంకా ఎక్కువ పోయాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నా: గోమూత్రం, పసుపునీళ్లు, కషాయం ఏదీ లోపలికి పోయొద్దు. అవి పొలానికి మంచివి, గర్భసంచికి కాదు.

ఆవు ముక్కేటప్పుడు చేయి కదపకుండా ఆగాలి. నొప్పి తగ్గినప్పుడే పని చేయాలి. నొప్పి మీద ఎదురు తోస్తే గర్భసంచి చిరుగుతుంది.

మనం సరిచేయగలిగింది

ఒక ముందుకాలు వచ్చి, తల వచ్చి, రెండో కాలు మోకాలి దగ్గర మడిచి ఉండటం. ఇది చాలాసార్లు ఎదురవుతుంది. పోయిన ఏడు మా గొర్రెకి ఇలాగే అయ్యింది. పక్క మంద గొర్రెలు కాసే మామ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "తొందర పడొద్దు అల్లుడూ, దాని ఊపిరి చూసి నీ చేయి ఆడించు" అన్నాడు.

చేసింది ఇదీ. నొప్పి లేనప్పుడు పిల్ల ఛాతీ మీద అరచేయి పెట్టి నెమ్మదిగా లోపలికి నెట్టాను. లోపల చోటు దొరికింది. మడిచిన కాలి గిట్టని గుప్పిట్లో మూసి పట్టుకున్నాను. గిట్ట కొస గర్భసంచికి తగిలితే బ్లేడులా కోస్తుంది, అందుకే గుప్పిట తప్పనిసరి. మోకాలిని పైకి నెడుతూ గిట్టని దారిలోకి తెచ్చాను. రెండు కాళ్లూ ముట్టె ఒక వరసకి వచ్చాక గొర్రె తనే ముక్కి ఈనేసింది. మొత్తం ఎనిమిది నిమిషాలు. ఆవుకైనా పద్ధతి ఇదే, చేయి ఇంకా లోపలికి పోవాలి, బలం ఇంకా కావాలి.

పది పదిహేను నిమిషాలు ప్రయత్నించినా కాలు దారికి రాకపోతే ఆపేయండి. మనం ఎంతసేపు కెలికితే లోపల అంత వాస్తుంది, తర్వాత వచ్చే డాక్టరుకి చోటు ఉండదు.

అన్నీ సరిగ్గా ఉండి, దూడ కొంచెం పెద్దదై, సాయం చేయాల్సి వస్తే తాడు కట్టొచ్చు. ఉడకబెట్టిన మెత్తటి నూలుతాడు, కాలి గిట్టపై కీలుకి పైన ఒక ముడి, కింద ఒక ముడి. ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆగినప్పుడు ఆగాలి. రెండు కాళ్లూ ఒకేసారి కాకుండా ఒకటి తర్వాత ఒకటి లాగితే భుజాలు ఒకదాని వెనక ఒకటి దాటుతాయి. తల, ఛాతీ బయటపడ్డాక కిందికి, ఆవు మడమల వైపు లాగాలి. ఇద్దరు మనుషుల బలం చాలు. మూడో మనిషి అవసరమైందంటే లోపల ఏదో సరిగ్గా లేదు.

రెండు వెనక కాళ్లూ చాపి వచ్చే దూడ కూడా బయటికి వస్తుంది. అయితే పిరుదులు దాటాక ఆలస్యం పనికిరాదు. బొడ్డుతాడు కటి ఎముక దగ్గర నొక్కుకుంటుంది, తల ఇంకా నీళ్లలోనే ఉంటుంది. లోపలే ఊపిరి పీలిస్తే ఉమ్మనీరు మింగుతుంది.

మనం ముట్టుకోకూడనివి

తల వెనక్కి తిరిగి చేతికి అందకపోతే, తోక ఒక్కటే తగిలితే, వీపో పొట్టో అడ్డంగా తగిలితే, దారి మెలి తిరిగి చేయి లోపలికి పోకపోతే డాక్టరు రావాల్సిందే. ఎనుముల్లో గర్భసంచి మెలిపడటం ఎక్కువ, గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. నొప్పుల సూది వేయిస్తే ఈనేస్తుందని కొందరు చెప్తారు. దూడ అడ్డం తిరిగి ఉన్నప్పుడు ఆ సూది వేస్తే మూసిన తలుపుకేసి బండి తోలినట్టే. గర్భసంచి పగిలిపోవచ్చు. లోపల ఎలా ఉందో చేయి పెట్టి చూసిన డాక్టరు తప్ప ఇంకెవరూ వేయకూడదు.

ఈసారి ఏం జరిగిందంటే

సంక్రాంతి అయిన వారం. మా గంగకి మూడో ఈత. రాత్రి తొమ్మిదికి పడుకోవడం, లేవడం మొదలుపెట్టింది. గోడ మీద టైము రాశాను. పన్నెండైనా తిత్తి రాలేదు. గట్టిగా ముక్కడం కూడా లేదు, తోక ఎత్తి అప్పుడప్పుడు చిన్నగా మూలుగుతోంది. "ఇంకా టైముంది, పోయి పడుకో" అన్నాడు నాయన. ముందు రెండు ఈతలూ తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండుకల్లా ఈనేసింది. గోడ మీద పాత అంకెలు చూస్తే ఈసారి తేడా కనపడింది.

ఒంటిగంటన్నరకి చేతులు కడుక్కుని, గ్లౌజు తొడుక్కుని చూశాను. గిట్ట లేదు, ముట్టె లేదు. వేళ్లకి తోక తగిలింది, దాని కింద గుండ్రంగా పిరుదులు. రెండు వెనక కాళ్లూ పొట్ట కిందికి చాపుకుని ఉన్నాయి. ఈ భంగిమలో దూడ దారిలోకి దిగదు. దిగనప్పుడు ఆవుకి గట్టి నొప్పి రాదు, తిత్తి కూడా కనపడదు. అందుకే మనిషి ఇంకా టైముందని మోసపోతాడు. పొద్దునదాకా ఆగితే దూడ చచ్చిపోయి ఉంటుంది.

చేయి తీసేశాను. డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి రావాలి. "తోక తగులుతోంది సార్, కాళ్లు లేవు" అన్నాను. "ముట్టుకోవద్దు, వేడినీళ్లు పెట్టి ఆవుని నిలబెట్టు, వస్తున్నా" అన్నారు. ఆ గంటా ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోవడం నాకు తాడు లాగడం కంటే కష్టమైంది. నాయన మూడుసార్లు లేచి వచ్చి తాడు వైపు చూశాడు. మూడోసారి నా భార్య ఆ తాడు తీసుకుపోయి ఇంట్లో పెట్టేసింది.

సార్ వచ్చి తోక మొదట్లో మత్తుసూది వేశారు, ఆవు ముక్కడం ఆగింది. నూనె పోసి, దూడ పిరుదుల్ని ముందుకి, అంటే తల్లి పొట్ట వైపుకి నెట్టారు. ఒక కాలి మడమ కీలుని పైకి, పక్కకి తోస్తూ, గిట్టని గుప్పిట్లో మూసి లోపలి వైపు నుంచి తిప్పి దారిలోకి తెచ్చారు. తర్వాత రెండో కాలు. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, చలికాలంలో ఆయన చొక్కా తడిసిపోయింది. రెండు వెనక కాళ్లూ వచ్చాక ఇద్దరం కలిసి ఆపకుండా తెచ్చేశాం.

దూడ కదల్లేదు. ముక్కులో, నోట్లో జిగురు వేలితో తీశాం. బోర్లా, ఛాతీ మీద కూర్చోబెట్టి గడ్డితో వీపు గట్టిగా రుద్దాం. ముక్కులో గడ్డిపోచ పెట్టి ఆడించారు సార్. ఒక తుమ్ము తుమ్మింది. నాయన గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

ఈనాక చేయాల్సినవి

బొడ్డుని టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. పై పైన పూస్తే చాలదు. మొదటి రెండు గంటల్లో జున్నుపాలు తాగించాలి. రోజు మొత్తంలో దూడ బరువులో పదో వంతు. ఇరవై కిలోల దూడకి రెండు లీటర్లు, విడతలుగా. కష్టపడి పుట్టిన దూడ తనంతట లేవలేదు, చనుకట్టు నోటికి అందించాలి. మాయ వేలాడుతుంటే లాగొద్దు, రాయి కట్టొద్దు. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకి చెప్పండి. పడిన మాయని కుక్కలకి వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. గంగకి మాయ పొద్దున తొమ్మిదికి పడింది.

దూడ తిరగబడకుండా ముందే ఆపే మందు లేదు. దూడ పెద్దదై ఇరుక్కోవడాన్ని మాత్రం మనం తగ్గించొచ్చు. చిన్న నాటు పెయ్యకి హెచ్‌ఎఫ్, జెర్సీ సూది వేయించొద్దు. పెయ్య ఒళ్లు పట్టాకే కట్టించండి. చివరి రెండు నెలలు ఉత్త ఎండుకట్టె మీద వదలకుండా పచ్చిమేత, తవుడు, లవణ మిశ్రమం ఇవ్వండి. రోజూ కొంచెం నడిపించండి.

మనుషుల విషయంలో ఒక మాట

మా అవ్వ ఈ చుట్టుపక్కల మంత్రసాని. బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసినప్పుడు తల్లిని ఎద్దులబండిలో వేసుకుని పోయేవాళ్లమని, దారిలోనే పోయినవాళ్లు ఉన్నారని చెప్పేది. నా భార్య రెండో కాన్పుకి 34వ వారం స్కానింగులో బిడ్డ తల పైకి ఉంది. ఇంట్లో భయపడ్డారు. పొట్ట రుద్ది తిప్పేవాళ్లు ఉన్నారని ఎవరో చెప్పారు. "ఆ పని నేనే ఎప్పుడూ చేయలేదు, ఆసుపత్రికి పొండి" అంది అవ్వ. డాక్టరమ్మ వారం వారం చూశారు. 36వ వారానికి బిడ్డ తనే తిరిగింది.

నెలలు నిండేనాటికి నూటికి ముగ్గురు నలుగురు పిల్లలు తల పైకి పెట్టుకునే ఉంటారు. కొందరిని 36, 37 వారాల తర్వాత ఆసుపత్రిలో, స్కానింగు చూస్తూ, పొట్ట మీద నుంచే డాక్టర్లు తిప్పుతారు. తిరగకపోతే కాన్పు ఎలాగో ముందే నిర్ణయిస్తారు. నొప్పుల టైముకి బిడ్డ అడ్డంగా ఉంటే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆవు దగ్గర నేర్చుకున్న పని ఇంట్లో ఆడమనిషి మీద ఎవరూ చేయకూడదు. చివరి నెల స్కానింగు మానొద్దు, నొప్పులు మొదలైతే 108కి ఫోన్ చేయండి. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కాబట్టి కాన్పు కూడా ఇంట్లోనే ప్రకృతిగా కావాలనే మాట ఈమధ్య వింటున్నాను. పొలంలో పురుగు ఎంత ఉందో రోజూ చూసుకునే మనం, ఇక్కడ మాత్రం చూడకుండా వదిలేస్తే ఎట్లా?

ఈ వారమే చేసిపెట్టుకోండి

మా కొట్టంలో ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో పొడుగు గ్లౌజులు నాలుగు జతలు, సబ్బు, కాచిన నూనె సీసా, ఉడకబెట్టిన రెండు నూలుతాళ్లు, టింక్చర్ అయోడిన్, టార్చిలైటు, శుభ్రమైన పాత చీర ముక్కలు, సుద్దముక్క. అన్నీ కలిపి కొన్ని వందల రూపాయలే. లక్ష్మి విలువ నలభై వేలు, దూడ సంగతి వేరే.

గోడ మీద ఫోన్ నంబర్లు పెద్దగా రాయండి. మీ మండల పశువైద్యశాల డాక్టరుది, రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడిది, 1962. మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు 2022 మే నుంచి తిరుగుతున్నాయి, 1962 వాటి టోల్‌ఫ్రీ నంబరు. రాత్రిపూట మాత్రం ఆ బండి ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోవద్దు. ఈనే నెల మొదట్లోనే మీ డాక్టరుతో మాట్లాడి, "సార్, ఈ నెలలో రాత్రి ఫోన్ చేయాల్సి రావొచ్చు" అని చెప్పి ఉంచండి. నేను అలా చెప్పి ఉంచాను కాబట్టే ఆ రాత్రి రెండో రింగుకే ఆయన ఫోన్ ఎత్తారు.

ఆ తాడు ఇప్పుడు డబ్బాలో అన్నిటికంటే అడుగున ఉంది. కావాలంటే గ్లౌజు, నూనె, టార్చి, సుద్దముక్క అన్నీ బయటికి తీశాకే చేతికి వస్తుంది. అలా సర్దింది నా భార్య.